ఆగకుండా ఆపడం

ఇంటెల్ ప్రాసెసర్లకు తెలిసిన ఆజ్ఞల్లో ఒకదాని పొడవు ఒకే ఒక్క బైటు. విలువ 204. మా వృత్తిలో రాసుకునే లెక్కలో ‘సీసీ’. 1978లో వచ్చిన 8086 చిప్పులోనే అది ఉంది. పేరు ఇంట్-త్రీ. ప్రాసెసర్ దాన్ని తాకగానే చేస్తున్న పని ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్‌ను పిలుస్తుంది. ఈ ఆపి పిలవడాన్నే ట్రాప్ అంటాం. ఇంతకు మించి దానికేమీ చేతకాదు. దాని గొప్పంతా పొడవులోనే ఉంది. ఈ చిప్పుల్లో ఆజ్ఞలు ఒక్కోటీ ఒక్కో సైజు, ఒక బైటు మొదలుకొని పదిహేను దాకా. నడుస్తున్న ప్రోగ్రాములో ఒక ఆజ్ఞ మీద ఇంకోటి రాస్తే, రాసేది పాతదానికన్నా పొడుగైతే పక్కదాని మొదలు చెరిగిపోతుంది. సరిగ్గా ఆ క్షణాన ఇంకో ప్రాసెసర్ ఆ పక్కదాని దగ్గరికే వచ్చిందంటే మిషన్ కుప్పకూలుతుంది. ఒక్క బైటుతో ఆ బెడద లేదు. అంతకన్నా చిన్న ఆజ్ఞ ఉండే వీల్లేదు కదా.

లైనక్స్ కెర్నెల్‌లో కేప్రోబ్స్ అనే భాగం ఉంది. ఇంటెల్ మిషన్ల మీద అది ఈ ఒక్క బైటు చుట్టూ అల్లుకున్నదే. మిషన్ ఆపకుండా, కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయకుండా, దాదాపు ఏ ఆజ్ఞ దగ్గరైనా ప్రోబ్ అనే మన కాపలా పెట్టుకుని ఇప్పుడు ఇక్కడ ఏం జరుగుతోందో చూసుకోవచ్చు. పని అయ్యాక ఆ బైటు తీసేసి పాతది పెట్టేస్తే, మనం వచ్చిపోయిన జాడ కూడా ఉండదు.

కువైట్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఊళ్లకు డబ్బు పంపే లావాదేవీలు మా మిషన్ల మీదుగా పోతాయి. నెల మొదట్లో జీతాలు పడ్డాక వచ్చే మొదటి శుక్రవారం అబ్బాసియాలో, ఫర్వానియాలో ఎక్స్చేంజ్ కౌంటర్ల ముందు నిలబడే వరసల్లో రాయచోటి వాళ్లుంటారు, రాజంపేట వాళ్లుంటారు, నరసాపురం, అమలాపురం వైపు ఆడవాళ్లుంటారు. వారానికి ఆ ఒక్క పూటే వాళ్లకు సెలవు. ఆ పూట సర్వర్ రీబూట్ చేస్తానంటే నన్ను లోపలికి కూడా రానివ్వరు, అది న్యాయం కూడాను. అట్లాంటి పూటనే ఒక్కో లావాదేవీ ఏ కారణమూ లేకుండా రెండు మూడు క్షణాలు తొక్కిపట్టినట్టు ఆగిపోతుంటుంది. డేటాబేస్ వాళ్లు తమది కాదంటారు, నెట్‌వర్క్ వాళ్లు తమది కాదంటారు. మిగిలింది కెర్నెల్. దాని లోపలికి తొంగిచూడాలంటే ఆగకుండా ఆపే పద్ధతి ఒకటి కావాలి.

దీన్ని మా బావకు చెప్పాల్సి వచ్చింది ఒకసారి. బావ ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. నేను రాత్రిళ్లు కూర్చుని చేసేదేమిటో ఆయనకు అంతుబట్టదు. కువైట్‌లో ఉన్నవాడికి దీన్ని చెప్పడం కష్టం కాదని అప్పుడే తెలిసింది. ఇక్కడ రోడ్డు మీద ఉన్నట్టుండి షుర్తా బండి, అంటే పోలీసు బండి, వచ్చి నిలుస్తుంది. రోడ్డు మూసేయరు. వచ్చే ఒక్కో బండినీ ఆపి, బతాకా (గుర్తింపు కార్డు) అడిగి, చూసి, పొమ్మంటారు. బండివాడు పోవాల్సిన చోటికే పోతాడు, కాస్త ఆలస్యంగా. గంట తర్వాత ఆ మలుపులో ఏమీ ఉండదు. “అయితే నువ్వు చేసేది చెకింగ్ పనే” అన్నాడు బావ. ఔను, చెకింగే. బావ వాళ్ల వాట్సాప్ గుంపులో తెల్లారేసరికి “ఈపొద్దు హసావి కాడ చెకింగ్ ఉంది, అట్ల రావాకు” అని మెసేజీ ఉంటుంది. పోలిక అక్కడ తెగిపోతుంది. కెర్నెల్ కోడ్‌కు వాట్సాప్ లేదు, సందు చూసుకుని తప్పుకోదు. తప్పుకోకపోయినా ఆలస్యం మాత్రం దానికీ తగులుతుంది. ఆ సంగతి తర్వాత.

చెకింగ్ పెట్టడం తేలిక. ఆపినవాణ్ని మళ్లీ పంపించడమే కష్టం. కేప్రోబ్స్ కోడ్‌లో మూడొంతుల చిక్కు అక్కడే ఉంటుంది. ఏ ఆజ్ఞ మీద మనం సీసీ పెట్టామో ఆ ఆజ్ఞ ఇంకా నడవనేలేదు, దాని మొదటి బైటు మన దగ్గరుంది. పాత బైటు తిరిగి పెట్టేసి, ఆజ్ఞను నడవనిచ్చి, మళ్లీ సీసీ పెడితే సరిపోదా అనిపిస్తుంది. ఒక్క ప్రాసెసర్ ఉన్న మిషన్‌లో సరిపోతుంది. అరవై నాలుగు ఉన్నచోట, పాత బైటు పెట్టిన ఆ రెప్పపాటులో మిగతావాళ్లు చెకింగ్ లేకుండా జారిపోతారు. కాబట్టి సీసీని కదిలించకుండా అక్కడే ఉంచి, అసలు ఆజ్ఞకు వేరేచోట ఒక నకలు రాసి, ప్రాసెసర్‌ను ఆ నకలు దగ్గరకు పంపి, ఆ ఒక్క ఆజ్ఞ నడిచాక పట్టుకుని వెనక్కి తేవాలి.

నకలు నడిచేది వేరే చిరునామాలో. అదే పేచీ. ‘నేనున్న చోటు నుంచి ఇంత దూరంలో ఉన్న డేటా తీసుకో’ అనే ఆజ్ఞ అయితే, చోటు మారింది గనక దూరం తిరగరాయాలి. దూరం రాసుకోవడానికి 32 బిట్లే ఉన్నాయి గనక నకలు పెట్టే పేజీ అసలు కోడ్‌కు రెండు గిగాబైట్ల లోపలే ఉండాలి. ‘ఫలానా ఫంక్షన్‌కు పోయి రా’ అనే ఆజ్ఞ అయితే, 2021 దాకా తిరిగి రావాల్సిన చిరునామా స్టాక్ మీద తప్పుగా పడేది, దాన్ని దిద్దాల్సి వచ్చేది. వీటికి తోడు అప్పట్లో ఒక్క ఆజ్ఞ నడవగానే ఆపమని ప్రాసెసర్‌కు చెప్పడానికి ఫ్లాగుల్లో ఒక బిట్ పెట్టేవాళ్లం. నడవబోయే ఆజ్ఞ ఆ ఫ్లాగుల్నే స్టాక్ మీద దాచుకునేదైతే మన బిట్ కూడా దాంతోపాటు అక్కడ దాఖలైపోయేది, దాన్ని వెతికి తుడవాల్సి వచ్చేది. నకలు నడిచేటప్పుడు మధ్యలో ఇంటరప్ట్ రాకుండా ఆపాలి, మళ్లీ ముందున్నట్టే తెరవాలి. ఆజ్ఞే ఇంటరప్ట్‌లు మూసే ఆజ్ఞో తెరిచే ఆజ్ఞో అయితే దానికి వేరే లెక్క.

చూడాలనుకున్నది ఒక్కటి. ‘నువ్వు ఆగావని నీకు తెలియనివ్వను’ అని మాటిచ్చినందుకు రాసిన కోడ్ ఇదంతా. ఇట్లాంటి కోడ్‌ను సులువు చేయడం అంటే లైన్లు కుదించడం కాదని నాకు నమ్మకం కుదిరింది దీన్ని చదివాకే. మాట ఇచ్చిన చోట్లన్నీ ఒక్కోటీ చూసి, ఇది నిజంగా ఎవరికైనా కావాలా, దీని మీద ఎవరైనా నిలబడి ఉన్నారా అని అడిగి, లేరని తేలితే వెనక్కి తీసుకోవడం. మన ఆఫీసుల్లో రీఫ్యాక్టరింగ్ పేరుతో జరిగేది సాధారణంగా ఇది కాదు. పొడుగు ఫంక్షన్‌ను ఆరు ముక్కలు చేసి ఆరు ఫైళ్లలో పెట్టి సులువైందంటారు. మాటలన్నీ అట్లాగే ఉంటాయి, వెతుక్కోవడం మాత్రం పెరుగుతుంది.

ఈ కోడ్ పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. కెర్నెల్‌లో దీని ఫైలు తెరిస్తే పైనే చిన్న చరిత్ర ఉంటుంది. 2002 అక్టోబరులో వంశీకృష్ణ ఎస్. మొదట తయారు చేశారని, రస్టీ రసెల్ సలహాలు తీసుకున్నారని రాసి ఉంటుంది. వంశీకృష్ణ ఐబీఎం ఇండియా మనిషి. తర్వాత 2004లో సుపర్ణ భట్టాచార్య, ప్రసన్న పంచముఖి చేర్చినవి, 2005లో జిమ్ కెనిస్టన్ తదితరులు చేర్చినవి వరసగా ఉంటాయి. అంతకు ముందు ఐబీఎంలోనే డీప్రోబ్స్ అని ఒక పెద్ద వ్యవస్థ ఉండేది. ప్రోబ్ దగ్గర ఏం చేయాలో చెప్పడానికి దానికి సొంత చిన్న భాషే ఉండేది. అంత బరువును కెర్నెల్‌లోకి రానివ్వలేదు. అందులోంచి భాష తీసేసి, తంతు తీసేసి, ఆపడం, పిలవడం, పంపడం అనే ఎముకల్ని మాత్రం మిగిల్చితే కేప్రోబ్స్ అయింది. 2004లో 2.6.9 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చింది. అంటే ఈ కోడ్ మొదటి వెర్షనే ఒక కోత. మామూలు ప్రోగ్రాముల మీద ఇదే పని చేసే యూప్రోబ్స్ 2012లో 3.5తో వచ్చింది. ఆ ఫైలు పైన మొదటి పేరు శ్రీకర్ ద్రోణంరాజు. ద్రోణంరాజు అన్న ఇంటిపేరు కెర్నెల్ సోర్సులో కనబడితే అబ్బాసియా గదిలో అర్ధరాత్రి నాకు కలిగిన సంతోషానికి సాంకేతిక కారణమేమీ లేదు.

అసలు కథ 2021 మార్చిలోది. ఈ భాగాన్ని చాలా ఏళ్లుగా చూసుకుంటున్న జపాన్ ఇంజినీరు మసామీ హిరమత్సు ఒక మార్పు చేశారు. అది 5.13లో వచ్చింది. నకలు నడిచాక ప్రాసెసర్‌ను పట్టుకోవడానికి ఫ్లాగుల్లో బిట్ పెట్టడం, దానివల్ల వచ్చే డీబగ్ ట్రాప్ కోసం వేరే దారి కాయడం, రెండూ ఎత్తేశారు. వాటి బదులు నకలు పక్కనే ఇంకో సీసీ పెట్టారు. ప్రాసెసర్ నకలు నడిపి ముందుకు పోగానే ఆ సీసీకి తగులుతుంది. ఆపడానికి వాడిన చిట్కానే వెనక్కి తేవడానికీ వాడారు. చదివాక పదిహేడేళ్లుగా ఎవరికీ ఎందుకు తోచలేదని అనిపిస్తుంది.

ఎందుకు తోచలేదో ఆ మార్పు వివరణలోనే ఉంది. దారి మార్చే ఆజ్ఞలు పక్కనున్న సీసీ దాకా రావు కదా, ఎటో దూకేస్తాయి. వాటిని నడపకుండా, అవి ఏం చేసేవో ఆ పనిని కెర్నెలే చేతితో చేసేయాలి. పిలుపైతే తిరుగు చిరునామా తనే స్టాక్ మీద పెట్టి, ప్రాసెసర్‌ను గమ్యానికి పంపేయాలి. ఇంటరప్ట్‌లు మూసే తెరిచే ఆజ్ఞలూ, ఫ్లాగుల్ని దాచే తీసే ఆజ్ఞలూ అంతే. ఇవి చేతితో చేయగలిగినవి. చేతితో చేయలేనివి కొన్ని మిగిలాయి. మెమరీలో రాసి ఉన్న చిరునామాకు దూకే కొన్ని రకాలు, దూరపు సెగ్మెంట్లకు పోయేవి, వర్చువల్ మిషన్ల ఆజ్ఞలు. వీటి మీద ఇకపైన ప్రోబ్ పెట్టనివ్వం అని ఆ మార్పు దాపరికం లేకుండా చెప్పింది. అంతకు ముందు పెట్టగలిగేవాళ్లం. ఇప్పుడు పెట్టలేం. కెర్నెల్‌లో అవి అరుదుగా తప్ప కనబడవు, కనబడినా అక్కడే ప్రోబ్ కావాలన్నవాళ్లు కనబడలేదు అన్నది వాదన.

మాట వెనక్కి తీసుకోవడం అంటే నేను చెప్పేది ఇదే. ‘ఏ ఆజ్ఞ మీదైనా’ అన్న మాట నుంచి కొన్నింటిని తీసేసి, దాని బదులు ఒక ట్రాప్ దారినంతా చెరిపేశారు. ఏం పోయిందో రాసిపెట్టి మరీ పోగొట్టారు. పోయిందేమీ లేదని, పైగా సులువైందని చెప్పే మార్పుల్ని నేను అంత తొందరగా నమ్మను.

జేప్రోబ్స్‌ది ఇంకో రకం కథ. ఒక ఫంక్షన్‌కు వచ్చే విలువలు చూడాలనుకుంటే, అచ్చం ఆ ఫంక్షన్ లాగే విలువలు పుచ్చుకునే మన ఫంక్షన్ ఒకటి రాసి తగిలించవచ్చు. వాడేవాడికి చాలా హాయి. రిజిస్టర్లలో ఏది ఎక్కడుందో తెలియనక్కర్లేదు. లోపల మాత్రం రిజిస్టర్లన్నీ దాచి, స్టాక్‌లో కొంత భాగం నకలు తీసి, మన ఫంక్షన్‌లోకి దూకి, అది మామూలుగా తిరిగి రాకుండా ప్రత్యేకంగా ‘అయిపోయింది’ అని చెబితే ఇంకో ఇంట్-త్రీతో పట్టుకుని, దాచినవన్నీ తిరిగి పెట్టి, అప్పుడు అసలు ఫంక్షన్‌ను నడపాలి. ప్రతి ప్రాసెసర్ రకానికీ ఈ మాయ విడివిడిగా రాయాలి. 2004లో అందుకు అర్థముంది. తర్వాత పేరుతో విలువలు అడిగే పద్ధతులు వచ్చాయి. 2015లో ఈబీపీఎఫ్ అనే, కెర్నెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాముల్ని ప్రోబ్‌కు తగిలించే వీలు వచ్చింది. కెర్నెల్ లోపల జేప్రోబ్స్ వాడుతున్న టీసీపీ ప్రోబ్ లాంటివాటిని, కోడ్‌లోనే ముందుగా రాసిపెట్టే ట్రేస్‌పాయింట్లుగా మార్చారు. 2017 చివర్లో జేప్రోబ్స్ తలుపు మూశారు. గోడ కూల్చింది మాత్రం 2018లో, 4.19లో. మూయడానికీ కూల్చడానికీ మధ్య ఎవరైనా వచ్చి తడతారేమోనని చూశారు. ఎవరూ పెద్దగా తట్టలేదు.

ఫంక్షన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు పట్టుకునే కేరెట్‌ప్రోబ్స్‌లో ఇంకా మామూలు చిక్కు ఉండేది. తిరుగు చిరునామా మార్చి మన చిన్న కోడ్‌కు రప్పించి, అక్కడ లెక్కచూసి అసలు చోటికి పంపే పని. ఆ లెక్కచూసే ఫంక్షన్ ప్రతి ప్రాసెసర్ ఫోల్డర్‌లోనూ దాదాపు ఒకేలా ఉండేది, ఒకరి దగ్గర దొరికిన తప్పు ఇంకొకరి దగ్గర దిద్దకుండా. 2020లో అన్నిటినీ కలిపి ఒకటి చేశారు. మంచి పనే. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు.

చెకింగ్ పెట్టకూడని చోట్లు కూడా ఉంటాయి. బావ అడిగిన ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇదే: “షుర్తా బండి స్టేషన్ నుంచి వచ్చే దారిలోనే చెకింగ్ పెడితే?” ఇంట్-త్రీ తగిలినప్పుడు నడిచే కోడ్‌లోనే ఎక్కడో సీసీ పెడితే, అది తగిలి మళ్లీ అదే కోడ్‌ను పిలుస్తుంది, అది మళ్లీ తగులుతుంది, స్టాక్ నిండి మిషన్ పోతుంది. అందుకే తన మీద ప్రోబ్ పెట్టొద్దని ఫంక్షన్ల పక్కన గుర్తు రాస్తారు. 2014లో ఆ గుర్తు పద్ధతి మార్చాక జాబితా ఒకచోట చూడటానికి దొరుకుతోంది. డీబగ్ ఫోల్డర్‌లో బ్లాక్‌లిస్ట్ అనే ఫైలు చదివితే చాలు. ఓపిక ఉన్నవాళ్లు చదవాల్సిన ఫైలది. కెర్నెల్‌లో ఏ భాగం దేని మీద ఆధారపడి నిలబడిందో పుస్తకాలకన్నా బాగా చెబుతుంది.

ప్రోబ్ లోపల ప్రోబ్ తగిలితే కెర్నెల్ చేసేది ఇంకా ముచ్చటగా ఉంటుంది. రెండోదాని పని చేయదు. దాన్ని దాటించేసి, ‘ఒకటి తప్పిపోయింది’ అని ఒక లెక్కలో ఒకటి కలుపుతుంది. లోపల్లోపలికి ఎంత లోతైనా చూస్తాననే పట్టుదలకు పోకుండా, చూడలేదని నిజాయితీగా లెక్క రాసుకోవడం. వందల పుస్తకాల లెక్కలు రాసే మనుషుల్లో కూడా ‘చూడనివి ఇన్ని’ అని ఒక గడి పెట్టుకునేవాళ్లు తక్కువ. కేప్రోబ్స్ వాడే కుర్రాళ్లకు నేను మొదట చూపించేది ఆ గడినే. అందులో సున్నా ఉందో లేదో చూడకుండా గ్రాఫు గీసి మీటింగుకు పట్టుకుపోవడం నాకు గిట్టదు.

ఆలస్యం సంగతి తర్వాత చెబుతానన్నాను. 2005 నాటి ప్రాసెసర్ల మీద ఒక్కో తాకిడికి అర మైక్రోసెకను నుంచి ఒకటి దాకా పడుతుందని కెర్నెల్ పత్రాల్లోనే రాశారు. తక్కువే అనిపిస్తుంది. సెకనుకు లక్షసార్లు పిలిచే ఫంక్షన్ మీద పెడితే తక్కువ కాదు. ఇద్దరు ప్రాసెసర్లు ఒకే డేటా కోసం పరుగెత్తి ఒకరినొకరు తోసుకునే తప్పును వెతుకుతుంటే, అర మైక్రోసెకను ఆగినందుకే ఒకరు వెనకబడి, తోపులాట లేకుండా పోయి, తప్పు మాయమవుతుంది. ప్రోబ్ తీసేయగానే మళ్లీ వస్తుంది. కోడ్‌కు వాట్సాప్ లేదన్నాను గానీ ఆ రాత్రిళ్లలో ఉందేమో అనిపిస్తుంది.

ఈ ఆలస్యం తగ్గించడానికి 2010లో 2.6.34లో ట్రాప్ బదులు అయిదు బైట్ల దూకే ఆజ్ఞ పెట్టే పద్ధతి తెచ్చారు. అందుకు చోటు అనుకూలించాలి. అనుకూలిస్తే ఒక్కో తాకిడికి పట్టే సమయం దాదాపు పదో వంతుకు, 0.07 నుంచి 0.1 మైక్రోసెకనుకు పడిపోయిందన్నారు. కానీ అయిదు బైట్లు అనగానే మనం మొదట చెప్పుకున్న బెడదంతా తిరిగొచ్చింది. పక్క ఆజ్ఞలు చెరుగుతాయి. ఆ మధ్యలోకి ఎక్కడి నుంచైనా దూకేవాళ్లున్నారేమో ఫంక్షన్ మొత్తం విప్పి చూడాలి. ఎవరైనా సరిగ్గా ఆ అయిదు బైట్ల మధ్య నిద్రపోయి ఉంటే వాళ్లు లేచి పోయేదాకా కాచుకోవాలి. ఇది సులువుకు ఎదురు నడక. నాకు కష్టంగానే ఉంది ఒప్పుకోవడానికి, కానీ ఈ చిక్కు ఉండాల్సిందే. శుక్రవారం పూట మా మిషన్ల మీద నేను ధైర్యంగా ప్రోబ్ పెడుతున్నానంటే ఆ పదో వంతు వల్లే. అంటే కోసేయడానికి వెళ్లినవాడు కోయకుండా వదిలేయాల్సినవీ ఉంటాయి. ఎవరు నిలబడి ఉన్నారో చూడమన్నాను కదా, ఇక్కడ నిలబడి ఉన్నది నేనే.

కొన్నిచోట్ల ఎవరూ లేకుండా పోవడం వల్లే సులువవుతుంది. ఇటానియం చిప్పుల్లో మూడు ఆజ్ఞల్ని ఒక 128 బిట్ల మూటగా కట్టేవారు. ఆ మూటలో ఒక్కదాని మీద ప్రోబ్ పెట్టాలంటే మూట రకం చూసి, ఆజ్ఞ 41 బిట్లలో సర్ది, మూట నకలు తీసి నానా తంటాలు పడాలి. ఆ కోడ్‌ను ఇంటెల్ ఇంజినీర్లు ఎంతో శ్రద్ధగా రాశారు. 2024 జనవరిలో వచ్చిన 6.7లో ఇటానియం మొత్తం కెర్నెల్ నుంచి పోయింది, దాంతోపాటు ఆ ప్రోబ్ కోడూ పోయింది. మంచి కోడ్. కాకపోతే ఆ చిప్పుల్ని నమ్ముకున్నవాళ్లు కరిగిపోయారు.

ఇప్పుడు నన్నడిగితే తర్వాత పోవాల్సింది పోస్ట్-హ్యాండ్లర్. ఆజ్ఞ నడవకముందు చూసే పని అందరికీ కావాలి. నడిచాక చూసే ఈ పోస్ట్-హ్యాండ్లర్ పని కెర్నెల్ లోపల పరీక్షల కోడ్‌లో తప్ప కనబడలేదని 2021 మార్పు వివరణలోనే ఉంది. అది లేనిచోట, సామాన్యమైన ఆజ్ఞైతే, నకలు పక్కన రెండో సీసీ కూడా అక్కర్లేదు. నేరుగా అసలు చోటికి దూకే ఆజ్ఞ పెట్టేస్తారు, రెండో ట్రాప్ ఊసే ఉండదు. పోస్ట్-హ్యాండ్లర్ పోతే ఆ దారి దాదాపు అందరిదీ అవుతుంది. కెర్నెల్ బయట ఎవరి మాడ్యూల్‌లో దాన్ని వాడుతున్నారో లోపలి నుంచి కనబడదు. కాబట్టి జేప్రోబ్స్‌కు చేసినట్టే ముందు తలుపు మూసి, ఒక ఏడాది చూసి, తట్టినవాళ్ల పేర్లు రాసుకుని అప్పుడు తేల్చుకోవాలి. తట్టేది ఒక్కరే అయినా, వాళ్లు దాంతో ఏం చూస్తున్నారో ముందు కనుక్కోవాలి.